ఏళుమలై చీర

"చీర ఉండాది. యాడికీ పోలేదు. కావాలంటే వాణ్ణే వొచ్చి అడగమను," అంది అంజలై ఫోన్లో కోడలితో.

తేన్మొళికి తొమ్మిదో నెల. చేతుల నిండా సీమంతపు గాజులు. ఫోను చెవికి ఆనించుకునే ఓపిక కూడా లేక స్పీకరులో పెట్టింది. అందువల్ల ఆ మాట ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటున్న పుగళేంది చెవిన కూడా పడింది. పడాలనే అత్త అంత గట్టిగా అన్నదని కోడలికీ తెలుసు, కొడుక్కీ తెలుసు.

"విన్నావు గదా?" అంది తేన్మొళి.

"టీ నగర్‌లో మెత్తటి నూలు చీరలు ఎన్ని కావాలంటే అన్ని. రేపే కొనుక్కొస్తా."

"నాకు కావాల్సింది నూలు చీర కాదు. పాంచాలి చీర."

తమిళనాట సెంజి చుట్టుపక్కల ఊళ్ళలో కడుపుతో ఉన్న ఏ ఆడదాన్ని అడిగినా ఇదే మాట చెబుతుంది. అక్కడ బిడ్డకి ఉయ్యాలంటే చీరే. దూలానికి చీర కట్టి అందులో బిడ్డని వేస్తారు. ఆ చీర వీధి నాటకంలో ద్రౌపది కట్టినదైతే ఇక చెప్పేదేముంది! లాగేకొద్దీ తరగని చీర గనక, అందులో ఊగిన బిడ్డకి తిండికీ బట్టకీ లోటుండదని వాళ్ళ నమ్మకం. ఆ వేషం కట్టేది మగవాడే. ఇరవై ఏళ్ళపాటు ఆ చుట్టుపక్కల ద్రౌపది అంటే ఏళుమలై, ఏళుమలై అంటే ద్రౌపది. జనం వేషానికి చదివించిన చీరలన్నీ ఏటికేడాది కడుపుతో ఉన్నవాళ్ళకి పంచిపెట్టేవాడు. ఒక్క చీర మాత్రం ఎవరడిగినా ఇవ్వలేదు.

ఏళుమలై పుగళేందికి మారు తండ్రి. కన్న తండ్రి బావి తవ్వుతూ మట్టి కూలి పోతే, ఎనిమిదేళ్ళ పిల్లాడితో మిగిలిపోయిన అంజలైని పెళ్ళి చేసుకున్నాడు. ఏడాదిన్నర కిందట పోయాడు.

పోయిన రోజు పుగళేంది వెళ్ళాడు. వెళ్ళాడంటే వెళ్ళాడంతే. వాకిట్లో వేపచెట్టు కింద చుట్టంలా నిలబడ్డాడు. మంగలి కత్తి నూరి, "రా తంబీ, గుండు చేయాల" అని పిలిస్తే, "రేపు ఫ్యాక్టరీలో తనిఖీ ఉంది, కుదరదు" అన్నాడు. నలుగురూ నోరు నొక్కుకున్నారు. చివరికి ఏళుమలై నేస్తం తుళసింగం తన నెరిసిన జుట్టు గొరిగించుకుని, నిప్పుకుండ ఎత్తుకుని ముందు నడిచాడు. కొడుకుండగా పరాయివాడు తలకొరివి పెట్టాడని ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అంతకుముందు తన పెళ్ళిలోనూ అంతే. ఈయనెవరని తేన్మొళి అడిగితే "మా ఊరి పెద్దాయన" అన్నాడు పుగళేంది. పక్కనే ఉన్న ఏళుమలై విననే విన్నాడు. విని, "అవునమ్మా, మాదీ వాళ్ళదీ ఒకే వీధి" అని నవ్వి, అక్షింతలు వేసి, చివరి బంతిలో భోంచేసి బస్సెక్కాడు. ఆ పెద్దాయన తన మామగారని తేన్మొళికి మూణ్ణెల్ల తర్వాత తెలిసింది. నాలుగు రోజులు ఆమె మొగుడితో మాట్లాడలేదు.

ఇప్పుడామెకి తల్లి లేదు గనక పురుడు అత్తగారింట్లోనే. ఎలాగూ వెళ్ళాలి. కారులో దారి పొడుగునా ఆమె ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. పుగళేంది మాత్రం దిండివనం దాటాక నోరు విప్పలేదు.

* * *

అంజలై కోడలికి హారతిచ్చి లోపలికి తీసుకుపోయింది. కొడుకుని "తిన్నావా" అని కూడా అడగలేదు. మధ్యాహ్నం తేన్మొళి నిద్రపోయాక పెరట్లో చింతపండు గింజలు తీస్తూ పిలిచింది.

"చీర కావాలంట గదా నీకు?"

"తేనుకి కావాలంట."

"బిడ్డ ఆమెదేనా? నీది కాదా?"

అంజలై లోపలికి వెళ్ళి మడతపెట్టిన ఎర్ర చీరొకటి తెచ్చింది. పసుపు అంచు. దానిమీద జానెడు జనపతాడు ముక్క పెట్టి కొడుకు ముందుకి జరిపింది.

తాడు చివర మూడొంతులు నున్నగా తెగి ఉంది. మిగిలిన ఒక్క వంతే పీచులు పీచులుగా ఊడి ఉంది. దాన్ని చూడగానే పుగళేంది మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీకు తెలుసా?" అన్నాడు.

"ఆ రాత్రే చూపించినాడు. లాగితే తెగిన తాడు ఇట్లా ఉంటాదా అన్నాడు. పొద్దున్నే నిన్ను చీపురు తిరగేసి కొడతానని లేచినా. పట్టుకుని కూర్చోబెట్టినాడు. 'వాణ్ణి అడగొద్దే. అడిగితే అబద్ధం ఆడాల్సొస్తాది వాడికి. పద్నాలుగేళ్ళోడు, ఒకటాడితే దానిమీద ఇంకోటి ఆడతాడు' అన్నాడు. నాచేత ఒట్టు పెట్టించుకున్నాడు. ఆయన పోయినాడు, ఒట్టు కూడా ఆయనతోనే పోయింది."

ఇరవై మూడేళ్ళుగా తానొక్కడే మోస్తున్నాననుకున్న మూట అది. తీరా చూస్తే ఇంట్లో ముగ్గురూ మోశారు. వాళ్ళిద్దరూ మోస్తూ కూడా తనకి అన్నం పెట్టారు, పరీక్ష ఫీజు కట్టారు. పుగళేందికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తుళసింగం దగ్గిరికి పో," అంది అంజలై. "ఆయనకి చెప్పు. చెప్పినాక చీర తీసుకో. చెప్పకపోతే నా మనవడికి పాత దుప్పటి అయినా కట్టుకుంటా గానీ దీన్ని ముట్టనియ్యను."

* * *

జరిగింది ఇదీ.

పుగళేంది తొమ్మిదో తరగతిలో ఉండగా ఏళుమలై ఒకరోజు రాత్రంతా ఆడి, పొద్దున్నే పొరుగూరి నుంచి నేరుగా బడికి వచ్చాడు, ఫీజు డబ్బులు పట్టుకుని. కొబ్బరి నూనెతో రంగు తుడుచుకున్నాడు గానీ కళ్ళ కాటుక పోలేదు. వేషం కోసం సన్నగా తీయించుకున్న కనుబొమలు, ముడి వేసిన పొడుగు జుట్టు. తరగతి గుమ్మంలో నిలబడి "మా పుగళేంది ఉన్నాడా సార్?" అన్నాడు. వెనక బెంచీ నుంచి ఎవడో, "ఒరేయ్, పాంచాలి వొచ్చిందిరా!" అని అరిచాడు. ఇంకొకడు అందుకుని, "ఆమెకి ఐదుగురు మొగుళ్ళు గదరా, మరి నువ్వు ఏ నాయన కొడుకువి?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. సారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచీ పుగళేందికి బళ్ళో పేరు లేదు. పాంచాలి కొడుకు, అంతే.

పది రోజులకి సొంత ఊళ్ళోనే ద్రౌపది అమ్మవారి తిరునాళ్ళు. వస్త్రాపహరణం ఆట. ఏళుమలై నడుముకి జనపతాడు బిగించి, దానికి లోపలి చీర దోపి, పైన ఒకదాని కొంగుకి ఒకటి ముడివేసిన చీరలు ఆరు చుట్టుకునేవాడు. ఆ ఆరూ ఒక్కొక్కటే ఊడివస్తాయి, ఏడోదైన ఆ ఎర్ర చీర మాత్రం కదలదు. ఆ తాడు ముడి ఆయన చేతి ముడి. చిన్నప్పుడు తాడు రెండో కొస పట్టుకుని బిగించేది పుగళేందే. ఆ రోజు వేషం కట్టే పాకలో, పై చీరలు చుట్టకముందు, ఏళుమలై కళ్ళు మూసుకుని అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటుండగా, పుగళేంది పెన్సిలు చెక్కుకునే సగం బ్లేడుతో వీపు వైపు తాడు మూడొంతులు కోసేశాడు.

జనం నవ్వాలి, ఆ దెబ్బకి ఈయన ఈ వేషం మానేయాలి. వాడు అనుకున్నది అంతే.

దుశ్శాసనుడు తుళసింగం. ఆ వేషగాడు చీర ముట్టే ముందు కర్పూరం వెలిగించి ద్రౌపది కాళ్ళమీద పడి, "తల్లీ, ఈ చెయ్యి నాది కాదు, వేషానిది. క్షమించు" అని అడగాలి. అడిగాకే లాగాలి. తుళసింగం అలాగే అడిగాడు. లాగాడు. ఆరు చీరలూ వచ్చాయి, వాటితోపాటు ఏడోదీ వచ్చేసింది. ఏళుమలై చారల నిక్కరుతో, కట్టుడు జడతో, జనం మధ్య నిలబడిపోయాడు.

పిల్లలు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ముసలమ్మలు లెంపలేసుకుని ఏడ్చారు. ఏళుమలై అక్కడే మోకాళ్ళు ముడుచుకుని కూలబడి, రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకున్నాడు, నిజంగా ఆడది చేసినట్టే. ఆ కళ్ళు తెర పక్కన నిలబడ్డ పుగళేంది మీద ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పాడు. "నా ముడే వదులైంది."

ఎవరూ నమ్మలేదు. తుళసింగం తాగి లాగాడన్నారు. ఆ ఏడు తిరునాళ్ళు ఆపేశారు, తిరునాళ్ళ చివర మొక్కుకున్నవాళ్ళు తొక్కే నిప్పుల గుండం వెలగలేదు. వానలు పడకపోతే అదీ తుళసింగం నెత్తినే వేశారు. తుళసింగం మళ్ళీ మొహానికి రంగు వేయలేదు. ఏళుమలై వేషం మానేసి, వెనక కూర్చుని తాళాలు వేసేవాడు. పుగళేంది కోరుకున్నట్టే జరిగింది. పదిహేడో ఏట వాడు చెన్నై పోయాడు. పోయింది ఏళుమలై మీది కోపంతో అని ఊరంతా అనుకుంది, వాడూ అలాగే అనుకోవడం నేర్చుకున్నాడు. తను చేసిన పనిని మనిషి ఎదురుగా చూడలేక ఆ మనిషినే అసహ్యించుకుంటూ ఇరవై ఏళ్ళు గడపడం అంత కష్టమేం కాదు.

* * *

తుళసింగం మేకల పాక ముందు నులకమంచం మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఒకప్పుడు ఆ గొంతుకి పక్క ఊరి కుక్కలు మొరిగేవి. ఇప్పుడు మనిషి సగమయ్యాడు.

"ఓహోహో! మెడ్రాసు దొరగారు! దారి తప్పినావా ఏంది తంబీ? తనిఖీ లేదా ఈ పొద్దు?"

"లేదు మామా."

"కూర్చో. పెళ్ళాం బాగుండాదా? నెలలు నిండినాయంట గదా. మగబిడ్డ పుడితే వాడికైనా గుండు చేయించు, నీకు మాదిరి జుట్టు మీద అంత ప్రేమ లేకుండా."

పుగళేంది మంచం మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చూపు ముసలాయన అరికాళ్ళ మీద పడింది. నల్లగా కమిలి, పగుళ్ళు పట్టి, ఎడమ కాలి మడమ దగ్గర కట్టు కట్టి ఉంది.

"అదా? చక్కెర జబ్బు. పోయినేటి పుండు ఇంకా మానలే. మళ్ళీ నిప్పులు తొక్కితే కాలు తీసేయాలంటాడు ఆ డాక్టరు. పిల్లగాడు, వాడికేం తెలుసు? వొచ్చే నెల తొక్కితే ఇరవై మూడు. అమ్మవారి ఒంటి మీద చీర లాగేసిన చెయ్యి నాది. ఊరికే పోతాదా ఆ పాపం?" అన్నాడు తుళసింగం మామూలుగా, మేకల ధర చెబుతున్నట్టు. "మీ నాయన కూడా నాతో తొక్కేవాడు గదా. ఏటేటా. వొద్దురా, నీదేముండాది ఇందులో అంటే వినడే! నా ముడి వదులైందిరా, నాదే తప్పు అంటాడు. నేను గట్టిగా లాగినందుకు నేను, ముడి వదులైనందుకు వాడు. ఇద్దరమూ తొక్కి, ఒకరి కాళ్ళకి ఒకరం వెన్న రాసుకునేవాళ్ళం. పోయినేడు ఒక్కణ్ణే తొక్కినా."

ఏళుమలై నిప్పులు తొక్కుతాడని పుగళేందికి తెలుసు. వేషం పోయినా జనం తనని చూడాలని ఆ ఆరాటమని వెక్కిరించాడు కూడా, తల్లి ఎదుటే, ఒకసారి కాదు. లేచి నిలబడ్డాడు.

"మామా, నువ్వు తొక్కొద్దు."

"ఎందుకని?"

"నువ్వు గట్టిగా లాగలేదు. ఆయన ముడీ వదులు కాలేదు. తాడు నేను కోసినా."

ముసలాయనకి అర్థం కాలేదు. పుగళేంది జేబులోంచి తాడు ముక్క తీసి ఆ చేతిలో పెట్టాడు. తుళసింగం దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, నున్నటి చోట బొటనవేలితో రాసి చూశాడు. మళ్ళీ రాసి చూశాడు.

"బ్లేడా?"

"ఊ."

"వాడికి తెలుసునా?"

"ఆ రాత్రే తెలిసిందంట."

తుళసింగం మంచం పట్టె పట్టుకుని లేచి, చాచి చెంపమీద కొట్టాడు. ఆ చేతిలో సత్తువ లేదు. దెబ్బ తగల్లేదన్న సంగతే పుగళేందికి ఎక్కువ తగిలింది. ఇంకోటి కొట్టమని చెంప అక్కడే ఉంచాడు గానీ, ముసలాయన మంచం మీద కూలబడి ఏడుస్తున్నాడు.

"నా పక్కన నడిచినాడురా! ఇరవై ఒక్క ఏడు నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వెన్న రాసినాడు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నా చెవిలో వేసుంటే నేను తొక్కేవాణ్ణా? ఊరి నోట్లో నానేవాణ్ణా? నీకోసం నా ఎదురుగా అబద్ధమాడినాడు గదరా దొంగ నా కొడుకు! నన్ను మోసం చేసి, ఆ మోసానికి నాతోపాటే కాలినాడు..." తుళసింగం మొహం తుడుచుకున్నాడు. "అట్లాంటోడికి నువ్వు నిప్పు కూడా పెట్టలేదు. పో. నా కళ్ళముందు నిలబడొద్దు. పో!"

ఏళుమలై మంచివాడని పుగళేంది ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం ఒప్పుకున్నది అంతకన్నా కష్టమైన సంగతి. ఆ మంచివాడు తన కోసం, కన్నకొడుకైనా కాని ఒక పొగరుబోతు కుర్రాడి కోసం, ప్రాణస్నేహితుడి దగ్గర చెడ్డవాడయ్యాడు. అది తీర్చుకునే దారి లేదు. క్షమాపణ అడుగుదామంటే మనిషే లేడు.

ఇంటికొచ్చి తేన్మొళికి మొత్తం చెప్పాడు, ఏదీ దాచకుండా. ఆమె విన్నంతసేపూ కడుపు మీద చెయ్యి తీయలేదు.

"ఆ చీర ఇప్పుడు నాకొద్దేమో," అంది చివరికి. "నువ్వు కట్టిన ఉయ్యాల్లో బిడ్డని వేయడానికి నాకు ధైర్యం రావాల ముందు."



* * *

పొద్దున్నే వాకిట్లో కర్ర చప్పుడు. తుళసింగం. కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ మూడు వీధులు నడిచి వచ్చాడు. అంజలై ఇచ్చిన కాఫీ నిలబడే తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"చీర తీయవే."

అంజలై తెచ్చింది. తుళసింగం పుగళేంది వైపు చూడకుండానే కర్రతో దూలం చూపించాడు.

"కట్టు. వాడి ముడి. గుర్తుండాదా, మెడ్రాసులో మరిచిపోయినావా?"

పుగళేంది పీట ఎక్కాడు. కొంగు దూలం మీదుగా వేసి, కింద నుంచి తిప్పి, రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దూర్చాడు. చిన్నప్పుడు రెండో కొస పట్టుకుని ఎన్నిసార్లు చూశాడో. తాను మరిచిపోయాననుకున్నది వేళ్ళు మరిచిపోలేదు. చీర అడుగున ఉయ్యాల కడుపు తెరుచుకుంది. పీట దిగి పక్కకి జరిగాడు.

తుళసింగం కర్ర గోడకి ఆనించాడు. అంజలై కర్పూరం వెలిగించి పళ్ళెంలో పెట్టింది. ముసలాయన ఆ పుండు కాలితోనే మోకాళ్ళ మీద కూర్చుని ఎర్రచీరకి దణ్ణం పెట్టాడు. ఇరవై మూడేళ్ళ తర్వాత ఆ గొంతు మళ్ళీ ఇల్లంతా నిండింది.

"తల్లీ, ఈ చెయ్యి నాది కాదు, వేషానిది. క్షమించు!"

లేచి, చీర రెండు చేతులా ఒడిసి పట్టుకుని, ఉన్న బరువంతా వేసి లాగాడు. దూలం కిర్రుమంది. పాతింటి మట్టి రాలింది. మెడనరాలు ఉబ్బేదాకా లాగాడు. ముడి కదల్లేదు.

"ఇదిరా వాడి ముడి," అన్నాడు రొప్పుతూ. "ఇది వదులైందంటే నేను ఎట్లా నమ్మినా?" పుగళేంది వైపు మొదటిసారి చూశాడు. "నేను ముట్టే ముందు అడిగినా. ఆ రోజూ అడిగినా, ఈ రోజూ అడిగినా. నువ్వు ఆ రోజు అడక్కుండా చెయ్యి వేసినావు. ఇప్పుడు అడుగు."

పుగళేంది మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చీర అంచు పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాడు. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ ఆ మనిషిని ఏమని పిలవాలో తెలియక, "ఇదిగో" అనీ "ఏమండీ" అనీ, అసలేమీ అనకుండానూ నెట్టుకొచ్చిన నోరు అది.

"అప్పా," అన్నాడు.

క్షమించమనే మాట ఇంకా ఉంది, అది బయటికి రాలేదు. అన్న మాటనే మళ్ళీ అన్నాడు. మళ్ళీ అన్నాడు. అంజలై కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

తేన్మొళి గుమ్మం పట్టుకుని అంతసేపూ చూస్తూనే ఉంది. మెల్లగా వంటింట్లోకి వెళ్ళి, కడిగి పసుపు రాసిన సన్నికల్లు పొత్రం రెండు చేతులా మోసుకొచ్చింది. అక్కడి ఆనవాయితీ ప్రకారం బిడ్డకన్నా ముందు ఉయ్యాల్లో పడుకోవలసింది అదే. మొగుడు లేచి అందుకోబోతే ఇవ్వలేదు. తానే వంగి పొత్రాన్ని చీరలో పెట్టి, ఒక్క ఊపు ఊపింది.

"బరువు ఆగుతాదిలే," అంది.

తుళసింగం కర్ర అందుకుని వాకిలి దాకా వెళ్ళి ఆగాడు.

"ఈ ఏడు నేను తొక్కను. కాలు ఉంచుకోమన్నాడు డాక్టరు. వొచ్చే నెల పదో తారీఖు నువ్వు తొక్కుతావు. పోయినేడు వాడు తొక్కాల్సిన చోట."

పుగళేంది తలూపాడు.

"ఊపడం కాదు. రేపే దీక్ష మాల వేసుకో, పుట్టేది ఆడో మగో చూసుకుని మెడ్రాసు పోయేవు," అన్నాడు తుళసింగం మెట్టు దిగుతూ. "వెన్న నేను తెస్తాలే."